పేరు మధ్యలో ఖాళీ

మా ఆపా అరకులో ఉంటుంది. డిసెంబరులో వాళ్లింటికి వెళితే ఫజర్‌కి వజూ చేయడమే పెద్ద ఇమ్తిహాన్. నీళ్లు తగిలితే వేళ్లు కొంకర్లు పోతాయి. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ కూడా మంచులో కనపడదు. అయినా ఏటా నాలుగు రోజుల ఛుట్టీ దొరకగానే అక్కడికే పరుగెడతాను. ఆపా చేతి ఖీమా, ఆ చలి, రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని చెప్పుకునే పాత ముచ్చట్లు, వీటి కోసం.

దుల్హాభాయ్‌కి బజారు వీధిలో చిన్న దుకాణం ఉంది. జిరాక్స్, లామినేషన్, ఫోటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. ఇప్పుడు దాన్ని మా భాంజా చూసుకుంటున్నాడు. దుకాణం అద్దెది, ఎప్పటికీ అద్దెదే. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని 1959 నాటి రెగ్యులేషన్‌కి 1970లో సవరణ తెచ్చారు. అందరూ దాన్ని వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. దుల్హాభాయ్ వాలిద్ గాజులు అమ్ముకుంటూ కొండెక్కిన మనిషి. ఇన్నేళ్లయినా జానెడు జాగా లేదని ఆపా అప్పుడప్పుడూ నసుగుతుంది. దుల్హాభాయ్ మాత్రం ఒకే మాట అంటాడు. “ఆ చట్టం లేకపోతే ఈపాటికి ఈ కొండ మీద వాళ్లకే జానెడు జాగా ఉండేది కాదు.” నేనూ ఆయన తరఫే.

చలికాలం అరకు టూరిస్టులతో కిటకిటలాడుతుంది. అద్దాల రైలుపెట్టె దిగేవాళ్లు, బొర్రా గుహలు చూసొచ్చేవాళ్లు, బొంగు చికెన్ కోసం వరస కట్టేవాళ్లు. భాంజా దుకాణానికి వాళ్లతో పని లేదు. అతని గిరాకీ అంతా సంత రోజున కొండల మీంచి దిగేవాళ్లు. పాలిథిన్ కవరులో ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం, చుట్టూ ఒక రబ్బరు బ్యాండు. ఆ కవరే వాళ్ల బీరువా.

నేను చెప్పబోయేది రెండేళ్ల కిందటి సంగతి. శనివారం అసర్ అయ్యాక ఒక పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్లు దుకాణానికి వచ్చారు. వాళ్ల చేతిలో స్కూలు నోటుబుక్కు. అందులో 62 మంది పేర్లు, ఊళ్ల పేర్లు, ఎవరు ఎన్ని ఎకరాలు సాగు చేస్తున్నారో లెక్క. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది కదా, 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగులో ఉన్న గిరిజనులకు నాలుగు హెక్టార్ల దాకా హక్కు ఇవ్వాలని. వీళ్లకు పట్టాలు వచ్చాయి. కానీ దున్నే భూమి ఎక్కువ, పట్టాలో రాసింది తక్కువ. మళ్లీ కొలవమని ఒక్కొక్కరు విడివిడిగా అర్జీ పెట్టుకోవాలి. సోమవారం అర్జీలు తీసుకునే రోజు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక పాడేరే జిల్లా కేంద్రం. పొద్దున్నే జీపు కట్టుకుని అక్కడికి వెళతారట.

“ఆదివారం రాత్రికల్లా 62 అర్జీలు కావాలి బాబూ” అన్నాడు పెద్దాయన.

భాంజా తల గోక్కున్నాడు. అర్జీ అంతా ఒకటే. మారేవి మూడే ముక్కలు, పేరు, ఊరు, విస్తీర్ణం. కానీ 62 సార్లు ఫైలు తెరిచి, మూడు చోట్ల మార్చి, ప్రింటు కొట్టి, మూయాలి. అప్పుడు నా నోరు ఊరుకోలేదు. “ఛోడో మియా, ఒక్క క్లిక్కుతో చేసి చూపిస్తా” అన్నాను.

ఈ విద్య నాకు ఎక్కడిదో చెప్పాలి. చదివింది ఉర్దూ మీడియం బడి, ఆ తర్వాత తెలుగులో డిగ్రీ. రెండు చోట్లా కంప్యూటర్ మొహం చూడలేదు. పత్రికలో చేరిన కొత్తలో డీటీపీ గదిలో కూర్చునే కుర్రాళ్ల వెనక నిలబడి నేర్చుకున్నాను. వాళ్లు రోజూ పొద్దున ఒక చిన్న బొమ్మ మీద క్లిక్ చేసేవాళ్లు. పేజ్‌మేకర్ లేచేది, అందులో ఆ రోజు పేజీ తెరుచుకునేది, పక్కన ఫోటోల ఫోల్డరు ప్రత్యక్షమయ్యేది. నాకు అది కరామత్‌లా కనపడేది. తర్వాత చూస్తే అది నాలుగు లైన్ల బ్యాచ్ ఫైలు, అంతే. నోట్‌పాడ్‌లో రాసిన సాదా మాటలు. ఫలానా ప్రోగ్రాంని లేపు, దానికి ఫలానా ఫైలు అప్పజెప్పు, తర్వాత ఇంకోదాన్ని లేపు.

నిజానికి ఈ పని మనందరం రోజూ చేస్తూనే ఉన్నాం. పెళ్లి ఫోటో మీద రెండుసార్లు క్లిక్ చేస్తారు. మీరు క్లిక్ చేసింది ఫోటో మీద, లేచింది మాత్రం ఫోటోలు చూపించే ప్రోగ్రాం. మధ్యలో విండోస్ ఉంది. ఆ రకం ఫైలుకి ఏ ప్రోగ్రాం కావాలో దాని దగ్గర ఒక పట్టీ ఉంటుంది. ఆ ప్రోగ్రాంని లేపి, మీ ఫోటో పేరు దాని చేతిలో పెడుతుంది. ఇలా చేతిలో పెట్టే మాటలనే పారామీటర్లు అంటారు. మన భాషలో చెప్పాలంటే రుక్కా.

రుక్కా అంటే నాకు మా అబ్బా గుర్తొస్తారు. మాది శృంగవరపుకోట, అరకు ఘాట్ రోడ్డు మొదలయ్యే ఊరు. అబ్బా కొండ సంతలకు గాజులు, రిబ్బన్లు, అద్దాలు తీసుకెళ్లేవారు. సరుకు అయిపోతే నన్ను విజయనగరం పంపేవారు. చిన్న కాగితం మీద ఉర్దూలో రాసి, నాలుగు మడతలు పెట్టి, నా జేబులో పెట్టి పిన్నీసు గుచ్చేవారు. అక్కడ గుమాస్తాకి ఉర్దూ రాదు. నేనే చదివి చెప్పాలి. అందుకని గుమ్మం దాటనిచ్చే ముందు ఒక పరీక్ష. “క్యా బోలా మైనే? మళ్లీ చెప్పు.” నేను మొత్తం అప్పజెప్పాలి. ఎర్రవి ఎన్ని డజన్లు, పచ్చవి ఎన్ని, పిల్లల సైజు ఎన్ని, పెద్ద సైజు ఎన్ని. ఒక్క మాట అటూ ఇటూ అయినా మళ్లీ మొదటినుంచి. బస్సు వెళ్లిపోతోందని నేను ఏడ్చినా వినేవారు కాదు. “బస్సు ఇంకోటి వస్తుంది. తప్పు సరుకు వస్తే వాపస్ ఎవడు తీసుకుంటాడు?”

సరే, భాంజా దుకాణానికి వద్దాం. పాత కంప్యూటర్, విండోస్ 10. నేను అర్జీ అనే బ్యాచ్ ఫైలు ఒకటి రాశాను. దానికి మూడు మాటలు అందుతాయి. లోపల వాటి పేర్లు %1, %2, %3. మొదట వచ్చిన మాట %1, రెండోది %2, మూడోది %3. అర్జీలో ఇలా రాశాను: ‘నేను %1, %2 గ్రామ నివాసిని. నా సాగులో %3 ఎకరాల భూమి ఉన్నది.’ ఆ మూడు చోట్లా అసలు మాటలు వచ్చి కూర్చుంటాయి. అప్పుడు ఆ అర్జీని ఒక ఫైలుగా దాచి, నోట్‌పాడ్‌ని లేపి, ఏటవాలు గీత పక్కన ‘పీ’ అక్షరం పెట్టి ఫైలు పేరు చెబితే చాలు. నోట్‌పాడ్ తెరుచుకుంటుంది, ప్రింటు కొడుతుంది, తనంతట తనే మూసుకుంటుంది.

మొదటి కాగితం బయటికొచ్చింది. తెలుగు బదులు ఏవో ఫ్రెంచి అక్షరాలూ గీతలూ. భాంజా నవ్వాడు. నాకు కోపం రాలేదు, ఈ జబ్బు పాతదే. విండోస్ పాత పద్ధతిలో ఒక్కో లిపికి ఒక్కో కోడ్ పేజీ ఉండేది. అరబ్బీకి 1256 ఉంది, మన ఉర్దూ కూడా అందులోనే ఇమిడిపోతుంది. తెలుగుకి అలాంటిది ఎప్పుడూ ఇవ్వలేదు. తెలుగు విండోస్‌లోకి వచ్చిందే 2001లో ఎక్స్‌పీతో, అదీ నేరుగా యూనికోడ్ రూపంలో. అందుకే ఆ నల్ల కిటికీకి తెలుగు అర్థం కావాలంటే ముందు 65001 అనే నంబరు చెప్పాలి. చెప్పాను. తెలుగు ముత్యాల్లా వచ్చింది. బడిలో నేర్చిన లిపికి సొంత గది ఉండి, డిగ్రీలో నేర్చిన లిపికి లేకపోవడం నాకు ఎప్పుడూ వింతే. తెలుగు మేష్టారు బతికుంటే చెప్పేవాణ్ణి, ఆయన చాలా బాధపడేవారు.

తర్వాత ఇంకో తకరారు. ఒకే మనిషి అర్జీ మూడుసార్లు వచ్చింది, మధ్యలో ఇద్దరు మాయం. కారణం ‘స్టార్ట్’ అనే మాట. అది ప్రోగ్రాంని లేపి, దాని పని అయిందో లేదో చూడకుండా ముందుకు వెళ్లిపోతుంది. నోట్‌పాడ్ ఇంకా కళ్లు నులుముకుంటుండగానే నా బ్యాచ్ ఫైలు తర్వాతి మనిషి అర్జీని పాతదాని మీద రాసేసింది. ‘స్టార్ట్’ పక్కన ‘వెయిట్’ చేర్చాను. ఇక ఒక్కొక్కటి అయ్యేదాకా ఆగింది.

మూడు లైన్లతో పరీక్ష పెట్టాం. భాంజా ఏదో ఒకటి టైపు చేశాడు. రాము, బొర్రా, 2. సీత, సుంకరమెట్ట, 3. అలాంటివే. మూడూ బ్రహ్మాండంగా వచ్చాయి. “మామూ, మాన్ గయే!” అన్నాడు. నేను మీసం లేని చోట మీసం దువ్వుకున్నాను.

ఆదివారం పగలంతా భాంజా, అతని స్నేహితుడు కూర్చుని నోటుబుక్కులోని 62 వరసలూ ఎక్సెల్‌లో ఎక్కించారు. ఎక్సెల్ నుంచి వాటిని బ్యాచ్ ఫైలులోకి దించాం. ఇషా నమాజ్ చదువుకుని వచ్చి బొమ్మ మీద క్లిక్ చేశాను. నోట్‌పాడ్ లేవడం, మూయడం, లేవడం, మూయడం. ప్రింటర్ గరగరమంటూ కాగితాలు బోర్లా పడేస్తోంది. మేం చాయ్ తాగుతూ చూస్తున్నాం. కాగితాలు వచ్చిన వరసలోనే ఒక్కోదానికి ఆధార్ జిరాక్సు పిన్ను కొట్టాం. నేనే కొట్టాను. వరస సంఖ్య చూశాను, పైన చూశాను, ‘అర్జీ’ అని ఫైలు పేరు కనపడింది. నోట్‌పాడ్ ప్రతి కాగితం నెత్తిన ఫైలు పేరు వేస్తుంది. కింద ఏం రాసి ఉందో చదవలేదు.

పాతికేళ్లుగా ఇతరుల రాతల్లో తప్పులు దిద్దడమే నా రిజ్క్. ఆ రాత్రి ఒక్క కాగితం చదవలేదు.

సోమవారం తెల్లారకుండానే రెండు జీపులు వచ్చాయి. పెద్దాయన కట్టలు తీసుకుని భాంజాకి డబ్బులిచ్చాడు. మంచులో జీపుల ఎర్ర లైట్లు కాసేపు కనపడి మాయమయ్యాయి.

సాయంత్రం అసర్ దాటాక జీపులు తిరిగొచ్చాయి. దుకాణం ముందు ఆగాయి. కట్టలు అలాగే ఉన్నాయి. వాళ్లతో ఒక అమ్మాయి ఉంది, ఇంటర్ చదువుతోంది, వాళ్ల నాయనమ్మతో వెళ్లింది. ఆ అమ్మాయే మాట్లాడింది, గొంతు పెంచలేదు. “అన్నా, లైన్లో నిలబడి ఉండగా చదివాను. ఇవి ఇవ్వకూడదని నేనే చెప్పాను.”

నేను కాగితం తీసుకున్నాను. ఇంటిపేరు తప్ప ఆ ముసలమ్మ పేరు ఇక్కడ రాయను. అర్జీలో ఇలా ఉంది. ‘నేను కొర్ర’, తర్వాత ఆమె సొంత పేరు ఊరి పేరుగా మారి ‘గ్రామ నివాసిని’. ఆ తర్వాత ఆమె ఊరి పేరు, దాని పక్కన ‘ఎకరాల భూమి ఉన్నది’. ఎకరాల సంఖ్య ఎక్కడా లేదు. ఏ సంఖ్య కోసం ఈ అర్జీ అంతా పెట్టుకున్నారో ఆ సంఖ్యే జారిపోయింది.

నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. పేరు మధ్యలో ఖాళీ. మా పరీక్షలో రాము, సీత. నోటుబుక్కులో కొర్ర ఫలానా, కిల్లో ఫలానా, పాంగి ఫలానా. బ్యాచ్ ఫైలుకి ఖాళీ కనపడితే అక్కడితో ఒక మాట అయిపోయినట్టే. ఇంటిపేరు %1 అయింది, సొంత పేరు %2 అయింది, ఊరు %3 అయింది. నాలుగోది ఎకరాలు. దాన్ని నేను అడగనే లేదు కాబట్టి అది ఎక్కడా పడలేదు. 62 అర్జీల్లో సరిగ్గా వచ్చినవి నాలుగు. ఆ నలుగురికి నోటుబుక్కులో ఇంటిపేరు రాయలేదు, అందుకని.

యంత్రం ఎక్కడా గల్తీ అని చెప్పలేదు. ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాలేదు, బీప్ మోగలేదు. దాని లెక్కన అన్నీ సజావుగా జరిగాయి. మూడు మాటలు అడిగాను, మూడు మాటలు దొరికాయి.

ముసలమ్మ కాగితం వైపు వేలు చూపించి మనవరాలితో వాళ్ల భాషలో ఏదో అంది. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అడిగింది. “మా కొర్ర తీసేసినారా, పేరు తీసేసినారా బాబూ?”

ఆ కొండల్లో ఇంటిపేరంటే గోత్రం. కిల్లో అంటే పులి, కొర్ర అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము. ఒకే గోత్రంలో పెళ్లిళ్లు చేసుకోరు. ఆ మాట తీసేస్తే ఎవరి మనిషో తెలియదు. సొంత పేరు తీసేస్తే ఏ మనిషో తెలియదు. నేను రెంటినీ విడదీసి, ఒకదాన్ని ఊరిని చేసి కూర్చోబెట్టాను.

రెండు జీపుల కిరాయి, అంతమంది కూలి పోయిన రోజు. ఎవరూ తిట్టలేదు. భాంజా డబ్బులు వాపస్ ఇవ్వబోతే పెద్దాయన తీసుకోలేదు. “మళ్లీ సోమవారం లోపు చెయ్యి” అన్నాడు. జీపు కిరాయి మేం కడతామని దుల్హాభాయ్ వచ్చి చెప్పాక కాస్త ఆలోచించి ఒప్పుకున్నాడు. తిట్టి ఉంటే నా షర్మిందగీ కొంచెం తగ్గేది.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ సిగ్గు ఎంత లోతైనదో తెలియదు. ఉర్దూ బడి హాజరు పట్టీలో నా పేరు ఒకే వరసలో, నస్తాలిఖ్‌లో, విడిపోకుండా ఉండేది. డిగ్రీలో చేరేటప్పుడు గుమాస్తా ఇంటిపేరు అడిగాడు. షేక్ అని చెప్పాను. హాల్ టికెట్ మీద షేక్ మాత్రమే వచ్చింది. మా క్లాసులో ముగ్గురు షేక్‌లం. పరీక్ష హాల్లో ఎవరి బెంచీ ఎవరిదో తేలడానికి పావుగంట పట్టింది. తర్వాత బ్యాంకులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, పాన్ కార్డులో ఇంకో పేరు. అమ్మీకి ఇంకా ఘోరం. బీ అనేది పేరులో భాగమా, మర్యాదా అని ప్రతి కౌంటర్లో వాదన. చదివే మీలో ప్రతి ఖాందాన్‌లో ఇలాంటి కథ ఒకటైనా ఉంటుంది. పేరులో నాలుగు ముక్కలున్న మనిషికి ఆన్‌లైన్ దరఖాస్తు ముందు చెమట పట్టడం మనకు మామూలే.

ఆ చెమట పట్టిన మనిషే ఈ బ్యాచ్ ఫైలు రాశాడు. పరీక్షకి తన పేరే పెట్టుకుని ఉంటే చాలు, రెండు నిమిషాల్లో తప్పు బయటపడేది.

మగ్రిబ్ అయ్యాక దుకాణం షట్టరు సగం దించి కూర్చున్నాం. మరమ్మతు ఎంతసేపు పట్టిందంటే చెప్పడానికే సిగ్గు. ప్రతి మాటకీ అటూ ఇటూ జంట కోట్ గుర్తులు. కోట్‌ల మధ్య ఉన్నదాన్ని ఎన్ని ఖాళీలున్నా ఒకే మాటగా తీసుకుంటుంది. లోపల %1 ఉన్న చోట శాతం గుర్తుకీ 1కీ మధ్య ఒక టిల్డా గీత పెడితే అర్జీలో ఆ కోట్‌లు కనపడకుండా పోతాయి. అంతే.

ఈ ఖాళీ తెచ్చే తంటా పెద్ద పెద్దవాళ్లకే తప్పలేదు. డాస్ రోజుల్లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలకు మించకూడదు, మధ్యలో ఖాళీ పెట్టడం ఎవరికీ అలవాటు లేదు. 1995లో విండోస్ పొడుగు పేర్లకు ఇజాజత్ ఇచ్చింది. ఇచ్చిన మైక్రోసాఫ్ట్ వాళ్లే తమ ప్రోగ్రాములన్నీ పెట్టే ఫోల్డరుకి ప్రోగ్రాం ఫైల్స్ అని మధ్యలో ఖాళీ ఉన్న పేరు పెట్టారు. దాని దారిని కోట్‌లు లేకుండా రాస్తే విండోస్ ఖాళీ దగ్గర ఆగి, ముందుగా ‘ప్రోగ్రాం’ అనే ప్రోగ్రాం ఏదైనా ఉందేమోనని వెతుకుతుంది. దుర్మార్గుడెవడైనా ఆ పేరుతో ఒక ఫైలు అక్కడ పెట్టి ఉంచితే అదే లేస్తుంది. యునిక్స్ తరహా యంత్రాల్లో లోపలి ఏర్పాటు వేరు. లేపే ప్రోగ్రాం ఒక్కో మాటనూ విడివిడిగా అందిస్తుంది. విండోస్‌లో మొత్తం ఒకే పొడుగు వాక్యంగా వెళుతుంది, దాన్ని ముక్కలు చేసుకునే పని లేచిన ప్రోగ్రాందే. అందుకే ఒక్కో ప్రోగ్రాం ఒక్కో రకంగా ముక్కలు చేస్తుంది.

భాంజా ఉత్సాహం కొద్దీ ‘స్టార్ట్’ పక్కన నోట్‌పాడ్ పూర్తి దారిని కూడా కోట్‌లలో పెట్టాడు. నోట్‌పాడ్ లేవలేదు. ఒక ఖాళీ నల్ల కిటికీ తెరుచుకుంది, దాని నెత్తిన నోట్‌పాడ్ దారి రాసి ఉంది. కోట్‌లలో వచ్చే మొదటి మాటను ‘స్టార్ట్’ కిటికీకి పెట్టాల్సిన పేరనుకుంటుంది. అందుకే దాని ముందు ఏమీ లేని ఖాళీ కోట్‌ల జత ఒకటి పెట్టాలి. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే నా జవానీలో ఎన్ని రాత్రులు మిగిలేవో.

అప్పుడు అబ్బా గుర్తొచ్చారు. బ్యాచ్ ఫైలులో ‘ఎకో’ అనే మాట ఉంది. ఏదైనా ఆజ్ఞ ముందు దాన్ని పెడితే ఆ పని చేయదు, చేయబోయే పనిని మాత్రం తెర మీద అప్పజెబుతుంది. గుమ్మం దాటనివ్వకుండా “క్యా బోలా మైనే?” అని అడగడమే. ప్రింటర్ కట్టేసి, 62 లైన్ల ముందూ ఎకో పెట్టి నడిపించాం. తెర మీద వరసగా పడ్డాయి, కోట్‌ల మధ్య పూర్తి పేరు, కోట్‌ల మధ్య ఊరు, కోట్‌ల మధ్య ఎకరాలు. మూడు చోట్ల భాంజా టైపు తప్పులు కూడా దొరికాయి. ఒక చోట 1.40 బదులు 14.0 పడింది. అలాగే వెళ్లి ఉంటే ఆ మనిషి నాలుగు హెక్టార్ల హద్దు కూడా దాటేసేవాడు.

శనివారం ఆ అమ్మాయిని, పెద్దాయనను దుకాణానికి రమ్మన్నాం. నేను ఛుట్టీ పొడిగించుకున్నాను, మా ఎడిటర్‌కి ఏ బహానా చెప్పానో ఇక్కడ రాయను. ఆ అమ్మాయి నోటుబుక్కు పట్టుకుంది. నేను ఒక్కో అర్జీ పైకి చదివాను. పేరు, ఊరు, ఎకరాలు. తను సరే అన్నాకే పిన్ను. 62 చదవడానికి గంటకు పైగా పట్టింది. మధ్యలో ఆపా సేమియా పంపింది. ఒక ఊరి పేరును నేను తప్పు పలికితే ఆ అమ్మాయి దిద్దింది, రాత సరిగ్గానే ఉందట, నా నోరే తప్పు. వాళ్ల నాయనమ్మ కాగితం వచ్చినప్పుడు తనే లాక్కుని చదివింది. ఇంటిపేరు, పేరు, ఊరు, ఎకరాలు. తర్వాత పైన వేలు పెట్టి అడిగింది.

“సార్, ఈ పైన ‘అర్జీ’ అని ఎందుకుంది?”

నోట్‌పాడ్ తనంతట తనే వేస్తుందని చెప్పాను.

“తీసేయొచ్చా?”

తీసేయొచ్చు. పేజీ సెటప్‌లో హెడర్ గడి ఖాళీ చేస్తే పోతుంది. “మరి తీసేయండి” అంది. 62 మళ్లీ ప్రింటు కొట్టాం. భాంజా నా వైపు చూశాడు కానీ ఏమీ అనలేదు. కాగితాల ఖర్చు నా మీద వేసుకున్నాను.

సోమవారం నేనూ జీపు ఎక్కాను. హుకుంపేట దాటేదాకా మంచు వదల్లేదు. నాయనమ్మ నా పక్కనే కూర్చుని కవరు ఒళ్లో పెట్టుకుంది. నా పేరేంటని అడిగింది. మొత్తం చెప్పాను, నాలుగు ముక్కలూ. ఆమె నవ్వి, మనవరాలితో ఏదో అంది. ఏమందని అడిగితే ఆ అమ్మాయి చెప్పింది. “మీ పేరుకి జీపు సరిపోదు, బస్సు కావాలంట.”

అర్జీలు తీసుకున్నారు, రసీదులు ఇచ్చారు. కొలతలకు మనుషులు వచ్చి వెళ్లారని తర్వాత భాంజా ఫోన్‌లో చెప్పాడు. కొందరికి తేలింది, కొందరికి ఇంకా తేలలేదు. నాయనమ్మది తేలనివాటిలో ఉంది. ఆమె సంతకు వచ్చినప్పుడల్లా దుకాణం ముందు ఆగి రసీదు మీద ఉన్న పేరు భాంజా చేత చదివించుకుని వెళుతుందట.

భాంజా ఇప్పుడు ఈ విద్యలో నన్ను దాటేశాడు. ఒక్క క్లిక్కుతో దరఖాస్తు నింపుతాడు, పీడీఎఫ్ చేస్తాడు, ప్రింటు కొడతాడు. మొన్న రంజాన్ ముందు వెళ్లినప్పుడు చూశాను. ఏ కొత్త ఫైలు రాసినా దాని మొదటి లైను ఒకటే, కోట్‌ల మధ్య నా పూర్తి పేరు. ముందు అది ఎకో చేసి, తర్వాత ఒక కాగితం ప్రింటు కొట్టి, పైకి చదివాకే మిగతావి వదులుతాడు. నా పేరు మీద వికలాంగుల పెన్షన్, వితంతు పెన్షన్, కుల ధ్రువపత్రం, ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి సీటు, అన్నిటికీ దరఖాస్తులు తయారై ఉన్నాయి. ఆ కాగితాలన్నీ ఆపా వంటింట్లో ఒక గోనెసంచిలో చేరాయి. ఇఫ్తార్‌కి మిర్చి బజ్జీలు వాటి వెనకవైపే పెట్టి ఇచ్చింది.